ప్రభ మీద పచ్చచీర

మాణిక్యమ్మకు మొగుడి మీద ఒకటే ఫిర్యాదు. పెరటి దడి వాలిపోతున్నా పట్టని యల్లమంద, కోటప్పకొండ తిరునాళ్లకు వెదురుగడలతో అరవై మూరల ఎత్తు ప్రభ కట్టాలని కలలు కంటున్నాడు. ఊళ్లో ఎవరూ ముప్పై దాటించలేదు. పైగా యుద్ధం మూలాన గుడ్డ కరువైన ఆ ఏడు, ఆమె పచ్చచీర తీసి ప్రభ కొసన కట్టాడు.

"అంత ఎత్తు ఎవురికయ్యా? కాకులకు కనపడాలనా?"

"చూద్దువులేవే," అన్నాడు యల్లమంద.

తిరునాళ్ల తోపులాటలో మాణిక్యమ్మ తప్పిపోయింది. ఎటు చూసినా పరాయి ముఖాలే. దిక్కు తోచక తలెత్తింది. ప్రభలన్నిటికీ పైన తన పచ్చచీర రెపరెపలాడుతోంది. దాన్నే చూసుకుంటూ నడిచి మొగుడి ముందు తేలింది.

"కాకులకేనా కనపడింది?" అన్నాడతను.

"నాదే తప్పులేవయ్యా. వచ్చే ఏడు ఇంకో పది మూరలు పెంచు. చీర మాత్రం మీ అమ్మది కట్టు."