ముడి వేసిన చొక్కా

"కాదు" అంది లోషా.

తరువాతి మాట వినిపించింది.

"ఇది కావచ్చు."

లోకంలో ఎవరూ ఎన్నడూ పలకని మాటలవి. హోబెల్ పట్నంలోని ఆ చిన్న గదిలో భాష మీద పరిశోధన చేసే ఎలీసా పంతులమ్మ వాటిని కల్పించి చదువుతుంది. తమ సోత్సిల్ భాషలో అటువంటి మాట ఉండటానికి వీలుందో లేదో లోషా చెప్పాలి. ఆరేళ్లుగా వారానికి రెండు రోజులు ఆమె పని ఇది. మిగతా రోజులు నేత. నేసేటప్పుడు మగ్గాన్ని పట్టీతో నడుముకే కట్టుకుంటుంది. ఆ పట్టీ నలభై ఏళ్లు ఒరుసుకున్న నడుము కుర్చీలో కూడా కనబడని పట్టీకి ఆనుకున్నట్టే ఉంటుంది.

అద్దం గోడకు అవతలి గదిలో, ఇదే పని చేసే ఆమె అన్న అంతున్ కుర్చీ ఖాళీగా ఉంది. అతడు మంచం పట్టి ఇరవై రోజులు. డాక్టరు ఇచ్చిన మందు తాగాడు గాని, జబ్బేమిటో తానే తేల్చుకున్నాడు. తన ఆత్మలో ఒక ముక్క ఆ గదిలో, గొంతు పట్టే యంత్రం దగ్గర ఉండిపోయిందట.

"నువ్వే పోయి పిలుచుకురా చెల్లీ. నవ్వితే నవ్వనీ" అని పొద్దున తన చొక్కా ఇచ్చాడు.

పడి జడుసుకున్న చోట ఆత్మ ఆగిపోతే పిలిచి, ఆ మనిషి చొక్కాలో మూటగట్టి తెచ్చుకోవడం తమలో ఉన్నదే. కాని అంతున్ ఇక్కడ పడలేదు, జడుసుకోలేదు. మాట్లాడాడంతే. మాట్లాడిన చోట కూడా మనిషి మిగిలిపోతాడా? లోషాకు తెలియలేదు. ఒడిలోని సంచిలో చొక్కా, దేవదారు కొమ్మ, సారా సీసా.

"సాకుష్."

"కాదు."

"షాకుష్?"

"అట్లాంటి మాట లేదు. ఉంటే మాత్రం మనదే."

ఎలీసా కలం కింద పెట్టింది. "మొదట 'స' వస్తే చివర 'ష' రాకూడదంటారు. వేరే వేరే గదుల్లో కూర్చుని మీ ఇద్దరూ అదే మాట. నడుమ ఎన్ని శబ్దాలున్నా ఆ రెండూ ఒకదాన్నొకటి వదలవు. ఎందుకు పెద్దమ్మా?"

"నాకేం తెలుసు? రెండు కాళ్లకి రెండు రకాల చెప్పులు తొడిగినట్టుంటుంది."

"మీ అన్నయితే 'ఇది తాగినోడి మాట' అనేవాడు."

"ఆ సంగతి ఆయనకే బాగా తెలుసులే."

ఇద్దరూ నవ్వారు. ముందుగా లోషా నవ్వే ఆగిపోయింది. అరవై ఏళ్లు తన నోట్లోనే ఉన్న కట్టుబాటు తనకు తెలియదు. తనలో ఉన్నదే తెలియనప్పుడు, అన్నలోంచి జారిపోయింది ఎక్కడుందో తానెలా చెప్పగలదు? అయినా, అన్న కుర్చీ దగ్గర ఒకసారి పిలుచుకోనిస్తావా అని అడిగింది. ఎలీసా నవ్వలేదు. లేచి ఆమెను అవతలి గదిలోకి తీసుకెళ్లి తలుపు మూసింది.

లోషా సారా పుక్కిట పట్టి ఖాళీ కుర్చీ చుట్టూ చిమ్మింది. కొమ్మతో నేలను కొట్టింది.

"రా అన్నా, రా. ఇక్కడ ఉండిపోకు. ఇంటికి దారి ఇటు."

మూడుసార్లు పిలిచి చొక్కా మడిచి, దాని చేతులు రెండూ కలిపి ముడి వేసింది. గోడ గడియారంలో రెండు దాటింది. అప్పుడు చూసింది, యంత్రం మీద ఎర్రదీపం వెలుగుతోంది.

"ఆపేశాననుకున్నాను పెద్దమ్మా" అంది ఎలీసా, ముఖం పాలిపోయి. "చెరిపేయనా?"

"చెరిపేస్తే పిలుపు కూడా పోతుందా?"

ఎలీసా మీట మీదికి చాచిన వేలు వెనక్కి తీసుకుంది. ఒక గొంతును తీసుకుపోదామని వచ్చి ఇంకొకటి వదిలి వెళుతున్నానా అనుకుంటూ లోషా బస్సెక్కింది. చొక్కా ఎవరికీ తగలకుండా దారి పొడుగునా గుండెకు ఆనించుకుంది.

వాకిట్లో అన్న కూతురు మారూచ్ నిలబడి ఉంది.

"నాన్న పన్నెండింటికే పోయాడత్తా."

లోషా గుమ్మంలోనే కూర్చుంది. పిలిచింది రెండింటికి. అయితే ఎవరిని పిలిచింది? చేతుల్లోని ఈ బరువు ఎవరిది? బరువంటూ ఉందా, చేతులే అలా అనుకుంటున్నాయా?

లోపల అంతున్‌కు స్నానం చేయించి, అతడు వాడిన టోపీ, చెప్పులు, సంచి శవపెట్టెలో సర్దుతున్నారు.

"చొక్కా కూడా ఇయ్యత్తా. నాన్నదే కదా."

అందులో ఏమీ లేకపోతే ముడి విప్పి ఇచ్చేయవచ్చు. ఉంటే, మట్టిలో పెట్టవచ్చునా? లోషా వేళ్లు ముడి దాకా వెళ్లి ఆగాయి.

"ఉండవే. నన్ను కాస్త ఆలోచించుకోనీ."

మర్నాడు పెట్టె కొండ మీది శ్మశానానికి వెళ్లిపోయింది. మగ్గం పక్కన మేకుకు చొక్కా వేలాడుతోంది, చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని.