మరకల మేస్త్రీ నోట్ల పుస్తకం

పాత నాణేలు, పరదేశపు నోట్లు అమ్ముకునే ఆయన్ని వీధిలో అందరూ చిల్లర బాబాయ్ అంటారు. ఆ పేరు పెట్టింది ఎదురుగా గొడుగులు బాగుచేసే ఆయన. పెట్టి ఇరవై ఏళ్లయింది, కొట్టు బోర్డు మీద అసలు పేరు వెలిసిపోయింది, ఈ పేరు మాత్రం వెలవలేదు. కొట్టు రెండు మేడల మధ్య ఇరుక్కుని ఉంటుంది. గుమ్మం దగ్గర మూడు బుట్టల్లో కలగలుపు నాణేలు, కిలో లెక్కన. లోపల గాజుబల్ల కింద ప్లాస్టిక్ తొడుగుల్లో నోట్లు. నాణేన్ని తూకంతో కొనాలి, కంటితో అమ్మాలి అన్నది ఆయన సూత్రం. బుట్టలో వెయ్యి నాణేలకి ఒక్కటైనా మంచిది ఉంటుంది, దాన్ని చూసే కన్నే పెట్టుబడి అనేవాడు.

ఆయనకి ఇంకో సూత్రం కూడా ఉంది. ఏ పనీ ఊరికే చేయకూడదు. ఊరికే చేసిన పనికి ఎదుటివాడు విలువ కట్టడు, చేసినవాడు ఒళ్లు దగ్గర పెట్టుకోడు. ఈ సూత్రం తప్పింది ఒక్కసారే. ఆ ఒక్కసారికి పడిన నష్టం ఇరవై ఏళ్ల వ్యాపారంలో పడలేదు.

సంగతి ఇదీ. ఆయన మామగారు ఒక పెద్ద హోటల్లో బట్టలుతికే విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాడు. ఎలాంటి మరకైనా తీసేవాడు, అందుకే అక్కడ ఆయన్ని మరకల మేస్త్రీ అనేవారు. వచ్చిన బట్టల జేబులన్నీ ముందు ఆయన చేతి మీదుగానే ఖాళీ అయ్యేవి. దొరికిన డబ్బు దొరికినట్టే తీసుకెళ్లి గది తలుపు తట్టి ఇచ్చేవాడు. దేశం దాటి వెళ్లిపోయే వాళ్లకి ఒక చిన్న నోటుతో పనేముంది? చాలామంది ఉంచుకోమనేవారు. మొత్తం నూట ఇరవై ఆరు నోట్లు పోగయ్యాయి. నాణేలైతే బొత్తాల డబ్బాలో పోసి, చిన్నప్పుడు కూతురికి ఆడుకోవడానికి ఇచ్చాడు. నోట్లు మాత్రం ఒక పుస్తకంలో వరసగా పెట్టుకున్నాడు.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆ పుస్తకం కూతురి బీరువాలోకి వచ్చింది. ఆమె మందుల కొట్టులో పనిచేస్తుంది, చీటీ మీద డాక్టర్ల కోడిగీతలు చదవడంలో దిట్ట. కానీ ఏడాదిగా ఆ పుస్తకం మాత్రం తెరవలేకపోయింది. ఒకరోజు తీసి చూస్తే పాత ప్లాస్టిక్ చెమటపట్టినట్టు జిగురుగా ఉంది. మొగుడి చేతిలో పెట్టి, తొడుగులు మార్చి ఇమ్మంది. అంతే అడిగింది.

చిల్లర బాబాయ్ ఆ ఆదివారమే కూర్చుని నూట ఇరవై ఆరింటికీ కొత్త తొడుగులు వేశాడు. ఒక్కో నోటు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా కింది మూల పెన్సిల్‌తో చిన్న చిన్న అక్షరాలు, అంకెలు కనబడ్డాయి. ఈ వ్యాపారంలో అది మామూలే. నోటు కొన్నవాడు తనకెంత పడిందో తనకే తెలిసే గుర్తుల్లో మూలన రాసుకుంటాడు, బేరమాడేవాడు చూసినా తెలియకుండా. అమ్మేటప్పుడు తుడిచేయాలి. ఇవీ అలాంటివే, మామగారు ఎవరి దగ్గరో కొని ఉంటాడు అనుకున్నాడు. రబ్బరు తీశాడు. పెన్సిల్ గట్టిది, కాస్త మొండికేసింది. ఎవరో పని తెలియని వ్యాపారి అని లోపల తిట్టుకున్నాడు కూడా. సాయంత్రానికి నూట ఇరవై ఆరు నోట్లూ అద్దంలా అయ్యాయి. పైసా తీసుకోకుండా ఇంత పని చేసినందుకు తన మీద తనకే ముచ్చటేసింది.

భార్య పుస్తకం తెరిచింది. ఒక పేజీ, రెండో పేజీ. తర్వాత పేజీలు గబగబా తిప్పింది.

"మూలన రాసినవి ఏవండీ?"

"ధరలే కదా, తుడిచేశాను. ఇప్పుడు చూడు, ఒక్కోటి ఎంత శుభ్రంగా ఉందో."

ఆమె ఒక నోటు ఖాళీ మూల మీద వేలు పెట్టింది.

"అవి ధరలు కావు. నాన్న ఏ నోటూ కొనలేదు. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో రాసుకున్నారు. నేనింకా చదవలేదు."

అంతే. పుస్తకం మూసి బీరువాలో పెట్టి తాళం వేసింది. అరిచి ఉంటే ఆయనకి సుఖంగా ఉండేది. అరుపుకి ఎదురు అరవొచ్చు, బేరం పెట్టొచ్చు, చివరికి ఎక్కడో ఒకచోట కుదురుతుంది. ఆమె మూడు రోజులు వేళకి వండింది, వేళకి వడ్డించింది, అడిగినదానికి జవాబు చెప్పింది. అడగనిది ఒక్క మాట రాలేదు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆ ఇంట్లో ఉప్పు ఎక్కువైతే ఉప్పు మీద, తక్కువైతే ఆయన మీద ఆమె వేసే జోకులన్నీ ఎంత ఖరీదైనవో ఆ మూడు రోజుల్లో తెలిసింది. మరకలు తీసి బతికిన మనిషి రాతల్ని మరకలనుకుని తీసేశాడు తను. చేతులు కాలాయి, పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

నాలుగో రోజు కొట్టుకి ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. ఎక్కడో దొరికిన పాత నోటొకటి బల్ల మీద పెట్టి, మచ్చలేని సరుకు అన్నాడు. చిల్లర బాబాయ్ అలవాటు ప్రకారం దీపం మెడ వంచి, వెలుతురు పక్కనుంచి పాకేట్టు పెట్టి, నోటుని బల్లకి సమంగా ఆనించి చూశాడు.

"ఇక్కడ పెన్సిల్ రాత ఉండేది. తుడిచేశారు. సగం ధరే ఇస్తాను."

"ఎలా తెలిసింది బాబాయ్?"

"నలుపు పోతుందిరా, నొక్కు పోదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకి బీరువాలోని పుస్తకం గుర్తొచ్చింది. డ్రైవర్‌కి సగం కాదు, ముప్పావు ధర ఇచ్చి పంపాడు. అతను మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి చూశాడు, ఈ మనిషికి ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు. అప్పుడే కొట్టు మూసేస్తుంటే ఎదురు గొడుగుల ఆయన, ఇవాళ పొద్దు పడమట పొడిచిందేమిటని అడిగాడు. దానికి జవాబు చెప్పేంత తీరిక లేకపోయింది.

మామగారు ఏ బట్ట ఏ గదిదో గుర్తుకి కట్టే గుడ్డ పట్టీల మీద రాసేవాడు. సిరా నీళ్లలో కరిగిపోతుంది, మెత్తటి పెన్సిల్ చెరిగిపోతుంది, అందుకని గట్టి పెన్సిల్‌తో నొక్కి రాయడం ఆయన పని అలవాటు. అదే అలవాటు నోట్ల మీదికీ వచ్చింది. మొండికేసింది అని తను తిట్టుకున్న పెన్సిలే ఇప్పుడు దిక్కు.

భార్య ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. అన్నీ దొరుకుతాయని మాట ఇవ్వలేదు. దొరికినన్ని దొరుకుతాయి, తాళం చెవి ఇవ్వమన్నాడు. ఆమె వెంటనే ఇవ్వలేదు. రబ్బరు ఎక్కడుందని అడిగింది. ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కిటికీలోంచి అవతల పారేసి, అప్పుడు తాళం చెవి ఇచ్చింది.

ఆదివారం పగలే గది తలుపులు వేసి, కిటికీలకి దుప్పట్లు కట్టారు. ఆయన భూతద్దంతో దీపం దగ్గర, ఆమె కాగితం, కలంతో పక్కన. మొదటి నోటు మీద నొక్కులు కూడబలుక్కుని చదివాడు.

"గ, రెండు వందల పద్నాలుగు. తె, చుక్క, చొ, చుక్క. తర్వాత ఉ. ఇదేం భాష? ఇది చూసి ధర అనుకోక ఇంకేం అనుకుంటాను?"

"పట్టీల మీద రాసే భాష. గది రెండు వందల పద్నాలుగు, తెల్ల చొక్కా, ఉంచుకోమన్నారు." ఆమె కలం ఆగకుండా రాసింది. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న పక్కన కూర్చుని పట్టీలు కట్టిన చేతులవి.

అలా మొదలైంది. ఆయనకి అక్షరం కనబడుతుంది, అర్థం తెలియదు. ఆమెకి అర్థం తెలుసు, అక్షరం కనబడదు. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ నోటు మూగదే. ఒక నోటు మీద నల్లకోటు, పక్కన ఏ అని ఉంది. ఏ అంటే ఏడ్చాడు అంది ఆమె. తమ్ముడి అంత్యక్రియలకి వచ్చిన మనిషి, కోటు జేబులో తమ్ముడి కోసం తెచ్చిన నోటుందని నాన్న అన్నం తింటూ చెప్పడం ఆమెకి గుర్తుంది. ఇంకో నోటు మీద గది నంబరు లేదు, వంటగది అని ఉంది. మరొకదాని మీద పి, రెండు, తర్వాత ఉప్పు. పిల్లలిద్దరు, ఉప్పు అంటే సముద్రంలో తడిసిన బట్టలు. దానికి ఆమె నవ్వింది. వారం తర్వాత ఆ ఇంట్లో అది మొదటి నవ్వు. ఆయన దాన్ని లెక్కలో వేసుకున్నాడు గానీ, పైకి తల ఎత్తలేదు, ఎక్కడ ఆగిపోతుందోనని.

నాలుగు ఆదివారాలు పట్టింది. పదకొండు నోట్లు లొంగలేదు. బాగా నలిగి గుడ్డలా మెత్తబడిన కాగితం నొక్కుని నిలుపుకోదు. ఆ పదకొండింటికీ ఆమె ఖాళీ చీటీలే పెట్టింది. ఖాళీ చీటీ పెట్టిన ప్రతిసారీ ఆయన వైపు చూడకుండా పెట్టింది. ఆ మర్యాదే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది.

చివరి పేజీలో చివరిది గుర్రాలున్న మంగోలియా నోటు. దీపం కింద పెట్టాడు. నొక్కులు లోతుగా, స్పష్టంగా ఉన్నాయి. చి. కొ. నలభై, గీత, ఇరవై ఐదు. చదివాడు, మళ్లీ చదివాడు. ఈ ఒక్కదానికీ అర్థం చెప్పేవాళ్లు ఆయనకి అక్కర్లేకపోయింది. చి. కొ. అంటే చిల్లర కొట్టు, తన కొట్టే. ఇరవై ఐదు చేసే నోటుకి నలభై చెప్పడం అప్పట్లో ఆయన రోజూ చేసే పని. మనుషుల ముఖాలు ఆయనకి గుర్తుండేవి కావు. ఇస్త్రీ మడత నలగని చొక్కాతో ఎవరో పెద్దమనిషి వచ్చి, బేరమాడకుండా అడిగినంతా ఇచ్చి వెళ్లడం మాత్రం లీలగా మెదిలింది. అది పెళ్లికి ముందు సంగతి.

కాగితం మెత్తబడింది, ఏమీ కనబడటం లేదు అనొచ్చు. పదకొండు ఉన్నాయి, పన్నెండు అవుతాయి. ఎవరికీ తెలియదు. భార్య కలం పట్టుకుని ఎదురుచూస్తోంది.

"చి, కొ," అన్నాడు. "నలభై, గీత, ఇరవై ఐదు. నా కొట్టే. నేనే ఎక్కువ తీసుకున్నాను."

"ఇంకా ఉంటుంది చూడండి," అంది ఆమె నిదానంగా.

మళ్లీ వంగి చూశాడు. అంచు పక్కన, పువ్వు బొమ్మ గీతల్లో కలిసిపోయి ఇంకో రెండు మాటలున్నాయి. "చిరు. తానే."

"చిరుగు. తానే చూపించాడు." ఆమె రాసింది. రాసి, కలం పక్కన పెట్టింది. "ఈ ఒక్క నోటు మాత్రం కొన్నారని నాకిప్పుడే గుర్తొచ్చింది. మీ సంబంధం వచ్చిన రోజుల్లో, మనిషిని చూసొస్తానని వెళ్లారు. వచ్చి అమ్మతో అన్నారు, ధర దగ్గర దయలేదు, సరుకు దగ్గర అబద్ధం లేదు అని. నాకు కనబడని చిరుగు, అమ్మేవాడే దీపం పెట్టి చూపించాడన్నారు. ఆ రాత్రికే మాట ఖాయం చేసేశారు."

చిల్లర బాబాయ్ పద్నాలుగేళ్ల కిందట పదిహేను లాభం అనుకున్న బేరంలో ఎవరికెంత వచ్చిందో లెక్క వేయబోయి మానేశాడు.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఆ చిరుగు ఎక్కడుందో నాకూ చూపించండి."

ఆయన నోటు తిప్పాడు. దీపాన్ని ఇంకొంచెం కిందికి వంచి, భూతద్దం ఆమె చేతికిచ్చి, గుర్రం కాలి పక్కన సన్నటి గీత మీద వెలుతురు పడేదాకా నోటుని నెమ్మదిగా జరిపాడు.