పాట విన్న గింజలు

తాను పాడితే గింజలు బాగా మొలుస్తాయని విత్తనాల గిడ్డంగి కాపలాదారు నమ్మకం. నలభై ఏళ్లుగా బస్తాల మధ్య తిరుగుతూ ఒకటే పాట కూనిరాగం తీస్తున్నాడు. ఇంకో నెలలో రిటైర్మెంటు.

"వెళ్లేలోగా తేల్చెయ్యవే అమ్మాయ్," అన్నాడు కూతురితో. "నిజమైతే నా తర్వాత వచ్చేవాడికి పాట నేర్పించి పోతా."

కూతురు అక్కడే పరీక్ష గదిలో పనిచేస్తుంది. తడి కాగితం మీద వంద గింజలు పరిచి, ఏడో రోజున ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం ఆమె పని. రెండు ట్రేలు సిద్ధం చేసి, వరండాకి ఈ చివరి గదిలో ఒకటి, ఆ చివరి గదిలో ఒకటి పెట్టింది. వేడి, వెలుగు, నీళ్లు రెండింటికీ సమానం. రోజూ మధ్యాహ్నం తండ్రి మొదటి గదిలో స్టూలు వేసుకుని గంటసేపు పాడాడు. రెండో గదిలోకి పాట వినపడదని ఆమె ముందే నిలబడి చూసుకుంది.

ఆమె కూర్చునే మధ్య గదిలోకి మాత్రం సన్నగా వినపడేది. చిన్నప్పుడు ఆ పాట వింటూ బస్తాల మీద నిద్రపోయేది. నిద్రలో గింజలు విచ్చుకుంటున్న చప్పుడు వినపడేది. ఇప్పుడూ కళ్లు మూసుకుంటే వినపడింది. కళ్లు తెరిస్తే కుళాయి కారుతోంది.

ఏడో రోజు లెక్క: పాట విన్న ట్రేలో తొంభై ఒకటి, విననిదాంట్లో ఎనభై నాలుగు.

తండ్రి మొహం చాటంత అయింది. "నే చెబితే నవ్వారు కదే అందరూ!"

ఆమె రిజిస్టర్లో అంకెలు రాసి, మళ్లీ ట్రేల వైపు చూసింది. వేరు వచ్చి మొలక రాని గింజల్ని లెక్కలోకి తీసుకోకూడదు. తండ్రి ట్రేలో "పాపం, ఇదీ మొలిచినట్టే" అనుకుంటూ అలాంటివీ కలిపేసింది. రెండో ట్రేలో అనుమానం ఉన్నవాటినల్లా వదిలేసింది.

"నాన్నా, లెక్క తప్పు. నీ వైపు మొగ్గాను."

"కూతురివి, మొగ్గకపోతే ఎట్లా?"

"ఇక్కడ కూతుర్ని కాదు నాన్నా."

ఆయన లేచాడు. ట్రేల మీది చీటీలు పీకి వాటి అడుగున అంటించాడు. ఆమెను గోడ వైపు తిరగమని ట్రేలు అటూ ఇటూ మార్చాడు.

"ఇప్పుడు పెట్టు లెక్క."

రెండుసార్లు లెక్కపెట్టింది. ట్రేలు ఎత్తి అడుగున చూశారు. పాట విన్నవి ఎనభై అయిదు. విననివి ఎనభై ఆరు.

"నా గొంతు భరించలేక ఒకటి పారిపోయింది," అని నవ్వబోయి ఆగాడు. "అయితే నలభై ఏళ్లూ ఊరికే అరిచానన్నమాట."

"ఈ రెండొందల గింజల సంగతే తేలింది నాన్నా."

"మిగతా వాటి సంగతో?"

"ఇంకో రెండుసార్లు చూడాలి."

"మరి కూర్చున్నావేం?"

ఆమె తొంభై ఒకటినీ ఎనభై నాలుగునూ కనపడేలా ఒక్కో గీతతో కొట్టేసి, పక్కన కొత్త అంకెలు రాసింది.

మర్నాడు మధ్యాహ్నం, పాట వినకూడని గదిలో కొత్త ట్రే కాగితం తడుపుతుంటే, తను కూనిరాగం తీస్తున్నట్టు తెలిసింది. నోరు మూసుకుంది. ట్రే వైపు చూసింది. రిజిస్టర్ తీసి రాసింది: "రెండో గదిలో సగం చరణం, పొరపాటున."

బయటికొచ్చి తలుపు వేసింది. వరండా మధ్యదాకా నడిచి, మిగతా సగం పాడుకుని వచ్చింది.