మూడో దరఖాస్తు

"ఈ నెల నుంచి ఒక్క రోజు కూడా నాగా పెట్టకు. తెలుసుగా," అన్నాడు వకార్, టీ కప్పు అందుకుంటూ.

తాహిరా పరాఠా పిండి కలుపుతోంది. తెలియకేం. బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టి పెరిగిన పిల్ల పాకిస్తాన్ వైపు మీర్‌పూర్‌లో ఉన్న ఖాలా కొడుకును, అంటే పిన్ని కొడుకును, చేసుకుంటే, మొగుణ్ణి ఇంగ్లండుకు రప్పించుకునే భారం ఆ పిల్లదే. ప్రభుత్వం అడిగినంత జీతం ఆమె పేరు మీద కనపడాలి. ఒకే చోట, ఆరు నెలలు, ఎక్కడా తగ్గకుండా. అతన్ని రప్పించడానికి ఒకసారి చూపించింది. వీసా పొడిగించడానికి రెండోసారి చూపించింది. ఇక ఎప్పటికీ ఉండనివ్వండి బాబూ అని అడగడానికి మూడోసారి చూపించాలి. ఆ ఆరు నెలల లెక్క ఈ నెలతో మొదలు. మధ్యలో ఫీజులకనీ, వీసాతో పాటు కట్టే ఆసుపత్రి రుసుముకనీ పెళ్లి గాజులు పోయాయి. గాజుల గురించి ఆమె పెద్దగా బాధపడలేదు.

ఆమె మనసంతా వంటింటి అలమరలో, పప్పు డబ్బా వెనక దాచిన ఉత్తరం మీద ఉంది. ఆసుపత్రి ప్రసూతి వార్డులో సహాయకురాలిగా శిక్షణకు చోటిచ్చారు. వచ్చే వారంలోగా వస్తానో రానో చెప్పాలి. ఇదివరకు రెండుసార్లు ఇలాగే చోటొచ్చింది, రెండుసార్లూ రాననే చెప్పింది. శిక్షణలో ఇచ్చే డబ్బు తక్కువ, దానితో వీసా లెక్క తేలదు. మూడోసారి కూడా కాదంటే ఇక ఆ ఆసుపత్రి వాళ్లు తన పేరు చూడగానే పక్కన పడేస్తారని ఆమెకు భయంగా ఉంది.

సాండ్‌విచ్‌లు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో ఆమె పని. లోపలంతా చలి, రెండు జతల మేజోళ్లు వేసుకున్నా కాలివేళ్లు తిమ్మిరెక్కుతాయి. సూపర్‌వైజర్ డారెన్‌కు ఆమె ఇంటి సంగతి తెలుసు. వీసా కోసం ఫలానా మనిషి మా దగ్గర పనిచేస్తోందని ఫ్యాక్టరీ వాళ్లు ఉత్తరం ఇవ్వాలి కాబట్టి అడగక తప్పలేదు, అడిగాక అతనికి తెలియకా తప్పలేదు. అప్పటినుంచి ఎవరూ ఒప్పుకోని ఆదివారం షిఫ్టులన్నీ ఆమెకే. "నువ్వెక్కడికి పోతావులే, మీ ఆయన వీసా నా చేతిలోనే ఉందిగా," అని నవ్వుతాడు. అందరూ నవ్వుతారు. తనూ నవ్వుతుంది, అదే ఆమెకు ఒళ్లు మండే విషయం.

ఇంట్లో ఇంకో రకం. మీర్‌పూర్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా జైతూన్ ఖాలా ఒక మాట అంటుంది, అత్తగారి గొంతుతో కాదు, పిన్ని గొంతుతోనే. "మావాడు పెళ్లాం కాగితం మీద వెళ్లాడని ఇక్కడ నలుగురూ అంటుంటే తలకొట్టేసినట్టుంది బేటీ. ఇంట్లోనైనా వాడి మర్యాద తగ్గనీకు." తాహిరా తగ్గనీయలేదు. షిఫ్టు దిగి వచ్చి వేడివేడి రొట్టెలే పెట్టింది. చొక్కాలు ఇస్త్రీ చేసింది. ఒకసారి చెయ్యి కోసుకుని, ఇవాళొక్కరోజు గిన్నెలు తోమవా అని అడిగితే వకార్ మొహం ఎర్రబడింది. "నీ కాగితం మీద వచ్చాను సరే. నీ అంట్లు కూడా తోమాలా?" అన్నాడు. ఆ రోజు ఆమె చేతికి ప్లాస్టిక్ సంచీ కట్టుకుని తోమింది. అతన్ని తెచ్చుకున్నది తను, తెచ్చుకున్నందుకు అతను చిన్నబుచ్చుకోకుండా రోజూ బుజ్జగించాల్సిందీ తనే. ఇదేం న్యాయమని లోపల ఎవరో గొణుగుతూనే ఉంటారు. పనిలో పడి వినిపించుకోదు, అంతే.

ఈ వీసాల పనులన్నీ చూసేది సుల్తాన్ సాహెబ్. లీడ్స్ రోడ్డులో మిఠాయి దుకాణం పైన ఆయన ఆఫీసు. అక్కడో పద్ధతి ఉంది. మగవాళ్లు మెట్లెక్కి పైకి వెళ్లి మాట్లాడతారు. ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చుంటారు. సంతకం అవసరమైతే కాగితం కిందికే వస్తుంది, కారు బానెట్ మీద పెట్టి సంతకం చేస్తారు. జీతం తనది, సంతకం తనది, పూచీ తనది. అయినా ఆ మెట్లు తాహిరా ఏనాడూ ఎక్కలేదు. ఎక్కాలని తోచలేదు కూడా.

ఆ రోజు టైర్ల షాపులో పని తెమలక వకార్ ఫోన్ చేశాడు. "నువ్వే వెళ్లి కొత్త దరఖాస్తు కాగితం మీద సంతకం పెట్టిరా. ఎక్కువ మాట్లాడకు, మిగతాది నేను ఫోన్లో చూసుకుంటాను."

మెట్లెక్కి వచ్చిన ఆమెను చూసి సుల్తాన్ సాహెబ్ కాస్త తడబడ్డాడు. ఆమె వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూశాడు. ఎవరూ రాకపోయేసరికి కుర్చీ చూపించి, బర్ఫీ పళ్లెం ముందుకు జరిపాడు.

"కూర్చో తల్లీ. అయితే ఈసారైనా వకార్ జీతం కూడా కలుపుదామంటావా?"

"ఆయన జీతం కలుస్తుందా? స్పాన్సర్‌ని నేను కదా."

"ఇక్కడికొచ్చి పని చేసుకునే అనుమతి ఉన్నాక కలవకేం? పోయినసారే చెప్పాను కదా. పాప పసిగుడ్డు, ఆ అమ్మాయిని కొన్నాళ్లు ఇంట్లో ఉండనివ్వవయ్యా, నువ్వు నీ జీతం బ్యాంకులో వేయించుకో, సరిపోతుంది అన్నాను." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీకే ఇష్టం లేదన్నాడు. ఇంట్లో కూర్చుంటే నీకు ఊపిరాడదట కదా."

తాహిరా సంతకం పెట్టలేదు. మళ్లీ వస్తానని చెప్పి మెట్లు దిగింది.

బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది, అదీ ఎక్కలేదు. నడుస్తూ పోయింది. పాప మినాహిల్ మెడ నిలపకముందే తను ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లింది. ప్రసూతి సెలవులో వచ్చే జీతం చాలదని, వెళ్లకపోతే మొగుణ్ణి పంపించేస్తారని ఇంటిల్లిపాదీ అన్నారు. ఆ చలిగదిలో పాలు చేపుకొచ్చి యూనిఫాం తడిసిపోయేది. డారెన్ చూసి మొహం తిప్పుకుని, "శుభ్రం ముఖ్యం ఇక్కడ," అన్నాడు. మరుగుదొడ్డిలో నిలబడి ఆ పాలు పిండి సింకులో పోసేది. ఇంటి దగ్గర బిడ్డ సీసా పట్టక ఏడ్చేదని, దాన్ని చూసుకునే అమ్మీ చెబుతుంటే, వకార్ పక్కనే కూర్చుని వినేవాడు. విని, పాపం అనేవాడు. తెలిసి కూర్చున్నాడు. అతని తరఫున ఏదో ఒక కారణం వెతకాలని చూసింది, అది ఆమెకు అలవాటు. కొత్త దేశం, భయపడ్డాడేమో. జీతం బ్యాంకులో వేయమని టైర్ల షాపు యజమాని ఇబ్రార్ భాయ్‌ని అడగలేకపోయాడేమో. ఏమో, ఏమో అనుకుంటూ ఎంత దూరం నడిచినా కోపం తగ్గలేదు సరికదా ఇంకా పెరిగింది. దారిలో పార్కు గోడకానుకుని రెండు ఫోన్లు చేసింది. అమ్మీ ఇంటి నుంచి పాపను తీసుకుని ఇల్లు చేరింది.

వకార్ వచ్చి భోజనానికి కూర్చున్నాక అడిగింది. అతను ముద్ద మింగి నవ్వబోయాడు.

"సుల్తాన్ సాహెబ్ ముసలాయన. ఏదో ఒకటి అంటుంటాడు."

"చెప్పాడా, చెప్పలేదా?"

"చెప్పాడులే. ఇబ్రార్ భాయ్ నాకు డబ్బు చేతికిస్తాడు, తెలుసుగా. బ్యాంకులోకొస్తే పన్ను పోతుంది. అక్కడ అమ్మ ఇంటి మీద కట్టిస్తున్న మూడో అంతస్తు సగంలో ఉంది, దానికి పంపాలి. నీ జీతం ఎలాగూ వస్తోంది కదా, గడిచిపోతోంది కదా అనుకున్నాను."

"గడిచింది నీకు."

"అంత మాటెందుకు? ఆడవాళ్లందరూ చేస్తున్నదే కదా. పాపకేమైందిప్పుడు, దిట్టంగా ఉంది."

మినాహిల్ మేజోడు పీకేసుకుని కుర్చీలోంచి కిందికి జారుతోంది. తాహిరా పాపను ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఫ్యాక్టరీకి చెప్పేశాను. ఈ నెలాఖరు దాకానే. ఆసుపత్రి వాళ్లకి వస్తున్నానని చెప్పాను."

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నన్ను వెనక్కి పంపించేస్తావా?"

"నేనెందుకు పంపుతాను? గడువు ఇంకా చాలా ఉంది. రేపు ఇబ్రార్ భాయ్‌ని అడిగి జీతం బ్యాంకులో వేయించుకో. ఈ ఆరు నెలలూ నీవి చూపిద్దాం."

"ఆయన ఒప్పుకోకపోతే?"

"ఇంకో చోట పని వెతుక్కో. నేనలాగే వెతుక్కున్నాను, నువ్వెలాంటివాడివో తెలియకముందే."

 రొట్టె చల్లారిపోయింది, ఆమె ఇంకోటి వేడి చేయడానికి లేవలేదు. చివరికి అతను అడిగాడు, గొంతు పూర్తిగా దిగిపోయి.

"ఒకవేళ నా వీసా రాకపోతే తాహిరా?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అతని నోటి వెంట రావడం ఇదే మొదటిసారి.

"ఆ భయం ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే పడ్డాను," అంది తాహిరా, పాపకు మేజోడు తొడుగుతూ. "ఇక నువ్వూ కాస్త పడు."