డైనమో ఎవరికి కనపడుతుంది?

మా మేనల్లుడు సత్యానందం కారు గురించి చెప్పాలంటే ముందు నాకు చెంబెడు నీళ్లు కావాలి. వాడిమీద అరిచిన అరుపులకు ఆరిపోయిన గొంతు ఇప్పటికీ తడవలేదు.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ అని పేరు పెట్టి ఐదారేళ్లయింది. మా అర్ధవీడు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. సత్యానందం మిషను దొర దగ్గర డ్రైవరు. దొర తన దేశానికి పోతూ పాత కారును వాడికి వదిలిపోయాడు. మంచి కారు. ముందర ఇనప హ్యాండిలు దూర్చి గట్టిగా తిప్పితే చాలు, గుర్రుమనేది. వాడు దాన్ని బాడుగకు తిప్పుకుని బుద్ధిగా బతికుంటే నాకీ రాత తప్పేది.

వాడికి సోకులు పుట్టాయి. మొదట లారీ హారను బిగించాడు. అది మోగితే బేస్తవారిపేటలో గేదెలు తాళ్లు తెంపుకున్నాయన్నారు. నేను నమ్మలేదు. గిద్దలూరులో కూడా తెంపుకున్నాయని విన్నాక నమ్మాను. తర్వాత ఫ్యాను పెట్టాడు. చివరికి మద్రాసు నుంచి కారు రేడియో తెప్పించాడు. అది కూర్చోవడానికి పీట కావాలి కదా! స్టార్టు చేసే హ్యాండిలునే కొలిమిలో కాల్చి వంచి రేడియోకు పీట చేయించాడు.

"ఏందిరా ఈ పని? రేపు బ్యాటరీ చస్తే కారెట్ల లేస్తాది?" అన్నాను.

"సెల్ఫు ఉండాది గదా మామా."

"సెల్ఫు తిరిగేది ఆ బ్యాటరీతోనే గదరా! మార్కాపురంలో బ్యాటరీల కరుణాకరం ఏమన్నాడు?"

"పెద్ద డైనమో ఎయ్యమన్నాడు. ఇప్పుడుండేది దీపాలకే చాలదంట. అది పుట్టించే కరెంటు కంటే ఇయ్యి తినేది ఎక్కువంట."

"మరి ఏసినావా?"

వాడు నన్ను జాలిగా చూశాడు. "రేడియో పాడితే ఊరంతా ఇంటాది. డైనమో ఎవురికి కనపడతాది మామా?"

అంత తెలిసీ నా కూతుర్ని వాడి కారే ఎక్కించాను. ఏం చేయను? మా ఎలీషబాకు గుంటూరులో నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. తెల్లారేసరికి అక్కడ హాజరు కావాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. కంభంలో సాయంత్రం రైలు తప్పితే వేరే దారి లేదు. బస్సు ఆ రోజు రాలేదు. మా ఇంట్లో టీచరమ్మ కాదు గదా, పదో తరగతి గడప తొక్కిన ఆడపిల్ల కూడా అంతకుముందు లేదు.

దారిలో దానికి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. కొత్తచోట ఎట్ల మసులుకోవాలి, ఏం తినాలి, ఆదివారం గుడికి పోవడం. నోరు తెరుస్తానా, రేడియోలో ఎవరో పెద్దమనిషి పొగాకు నారుమడుల గురించి మొదలుపెట్టాడు.

"ఆపరా దాన్ని!"

"మీట ఊడిపోయింది మామా. రాత్రిపూట వైరు పీకుతా."

"ఇప్పుడు పీకు."

"వేడిమీద పీకితే లోపలుండే బల్బులు మాడిపోతాయంట."

కంభం ఇంకా రెండు మైళ్లుందనగా, మిట్టమీద, గొర్రెల మంద అడ్డం వచ్చింది. నిదానంగా పోనిస్తే అవే తప్పుకునేవి. మావాడు బ్రేకు తొక్కి లారీ హారను నొక్కాడు. ఫ్యాను తిరగలేక ఆగింది. హారను ఎద్దు మూలిగినట్టు మూలిగింది. ఇంజను చప్పుడు లేకుండా చచ్చింది. గొర్రెలు మాత్రం కదల్లేదు. వాడు సెల్ఫు నొక్కాడు. 'టిక్' అంది. మళ్లీ నొక్కాడు, ఆ టిక్కు కూడా లేదు. రేడియో గొంతు సన్నబడింది గాని, పెద్దమనిషి నారుమడులకు నీళ్లు పెడుతూనే ఉన్నాడు.

"బావా, రైలు పోతాది," అంది ఎలీషబా. నాకు ఒళ్లు మండింది.

"హ్యాండిలేదిరా!" అని అరిచాను. వాడు రేడియో కింద పీటకేసి చూసి తలొంచుకున్నాడు.

గొర్రెల అంకన్న కర్ర గడ్డం కింద పెట్టుకుని చూస్తున్నాడు. "ఏందన్నా, కారులో మనిషి మాట్లాడతానే ఉన్నాడు, దిగి తొయ్యమని చెప్పరాదా?"

"ఆయన దిగడు తమ్ముడూ, నువ్వన్నా రా!"

అంకన్న మందను పక్కకు తోలాడు. వాడు, వాడి మనుషులు ఇద్దరు, నేను, అందరం తోశాం. మిట్ట అంచు దాకా తీసుకుపోయి పల్లానికి వదిలాం. కారు ఉరికింది, దగ్గింది, లేవలేదు. ఉన్న కాస్త కరెంటూ రేడియోనే మింగుతోంది. పల్లం సగం అయిపోయింది. మిగిలింది అదే ఆఖరి వాలు.

"వైరు పీకరా!"

"బల్బులు మామా!"

"నీ బల్బులు పాడుగాను! నా కూతురి బతుకురా!"

మళ్లీ తోశాం. ఈసారి నేను కిటికీ పక్కన పరిగెత్తుతూ చెయ్యి లోపలికి పెట్టి, దొరికిన వైరును పట్టి గుంజాను. పెద్దమనిషి మాట మధ్యలో తెగింది. కారు ఒక్క ఉదుటున పేలినట్టు లేచి దుమ్ము రేపుతూ పోయింది. ఎలీషబా కిటికీలోంచి తల బయటపెట్టి "నాయనా!" అంది. నేను వైరు చేతిలో పట్టుకుని రోడ్డుమీద నిలబడ్డాను.

"ఆపరా!" అన్నాను. వాడు ఆపలేదు. ఆపితే మళ్లీ లేవదని వాడికి ఇన్నాళ్లకు తెలిసొచ్చింది.

నడిచాను. మైలు నడిచేసరికి ఎదురుగా దుమ్ము లేచింది. మావాడే. నా దగ్గరికొచ్చి ఆగకుండా నాచుట్టూ తిరగడం మొదలుపెట్టాడు, గానుగెద్దు మాదిరి.

"ఎక్కిచ్చినా మామా!" అని ఒక చుట్టు.

"రైలు కదిలిందా?"

"నేను చూస్తుండంగానే కదిలింది! స్టేషను కాడ కారు ఆగిపాయ, కూలోళ్లు తోసినారు!" అని ఇంకో చుట్టు.

నాకు కాళ్లు తేలికయ్యాయి. "ఏమన్నా చెప్పిందా?"

"నువ్వు చెప్పాలనుకునేవన్నీ ఉత్తరం రాయమన్నది! సంగటి తిని పండుకోమన్నది!"

"కారాపురా, ఎక్కుతా!"

"ఆపితే లేవదు మామా! ఉరికి ఎక్కు!"

తిట్టడానికి కూడా వాడు మళ్లీ చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. తిట్టాను. తర్వాత పంచె ఎగ్గట్టి ఉరికాను.