నదీవిహార్ కాలనీ చరిత్ర

నూజివీడు శివార్లలో, ఏటి ఒడ్డున నదీవిహార్ కాలనీ ఉంది. అరవై ఇళ్ళు. ఏడాదిలో పది నెలలు ఇసుక తప్ప మరేమీ కనిపించని ఆ ఏటిని ఊరంతా ఏరనే అంటుంది. కాలనీవాళ్ళు మాత్రం నది అంటారు. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, మామిడికాయల కమీషన్ వ్యాపారులు ఇళ్ళు కట్టుకుని, గుమ్మాల పక్కన గంగోత్రి అనీ, అలకనంద అనీ పాలరాతి పలకలు బిగించుకున్నారు. కూరగాయలకి వెళ్ళినా టౌన్‌కి వెళ్ళొచ్చామని చెప్పుకునేవారు. ఆ టౌను సైకిల్ మీద పది నిమిషాల దూరం.

ఎనభై తొమ్మిదిలో కాలనీకి పదేళ్ళు నిండాయి. సెక్రటరీ బసవపున్నారావు సావనీరు వేయిద్దామన్నాడు. అందులో కాలనీ చరిత్ర రాసే పని రిటైర్డ్ సోషల్ మాస్టారు దశరథరామయ్యకి అప్పగించాడు. ఆయనదీ ఆ కాలనీయే, చిట్టచివరి ఇల్లు.

"రెండు పేజీలు చాలండి మాస్టారూ. మన పుట్టుక, మన కల్చరు. బయటివాళ్ళు చదివితే కుళ్ళుకోవాలి" అన్నాడు బసవపున్నారావు.

ముప్ఫై ఏళ్ళు సామ్రాజ్యాల పతనం గురించి పిల్లలకి చెప్పిన మనిషి దశరథరామయ్య. సొంత వీధి చరిత్ర ఒక సాయంత్రం పనే అనుకుని కూర్చున్నాడు. కానీ ఎనభై ఆరు దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది.

ఆ ఏడు ఆగస్టులో, కాలనీవాళ్ళు ముద్దుగా నది అని పిలుచుకునేది నిజంగానే నదై ఇళ్ళలోకి వచ్చింది. ఆ స్థలం ఒకప్పుడు లక్ష్మీనరసింహారావుగారి రసాల తోట. చెట్లు కొట్టించి ప్లాట్లు వేశారు. పల్లమని తోటలో పనిచేసినవాళ్ళందరికీ తెలుసు, కొన్నవాళ్ళకి తెలీదు. గుండెల్లోతు నీళ్ళు చేరితే పక్కనే దిబ్బమీద ఉన్న పేటవాళ్ళు కాయలు దించే తాళ్ళు కట్టి అందర్నీ ఇవతలికి లాగారు. రెండు రోజులు పేట చర్చిలోనే పడుకున్నారు. మామిడి కోతల ఆడకూలీలకి మేస్త్రీగా ఉండే రిబ్కమ్మ వాళ్ళకి అన్నం, గోంగూర పచ్చడి వండిపెట్టింది. బసవపున్నారావు మారు వడ్డించుకున్నాడు.

నీళ్ళు తీసిన నెలకే, ఆ రెండు రోజులూ తాము ఉపవాసం ఉన్నామని కాలనీలో ఒక్కొక్కరే చెప్పుకోవడం మొదలుపెట్టారు. మూడు నెలలకి, దొంగతనాల భయమని, పేటవాళ్ళు ఏటి రేవు దాటి తోటలకి పోయే దారికి అడ్డంగా గోడ కట్టాలని తీర్మానం చేశారు. మామిడి పిందె కూడా పోయిన దాఖలా లేదు. చేతులెత్తినవాళ్ళు యాభై ఎనిమిది మంది.

కలం ఆగిన మర్నాడు దశరథరామయ్య పేటకి వెళ్ళాడు. రిబ్కమ్మ అరుగు మీద కూర్చుని గంప అంచు అల్లుకుంటోంది. ఆయన్ని చూసి లేవలేదు గానీ పీట జరిపింది.

"వరదప్పటి సంగతి రాస్తున్నానమ్మా. సరిచూసుకుందామని వచ్చాను."

"ఇప్పుడెందుకండీ అయ్యి?"

"చరిత్ర కదా. గోడ కట్టాక మీకు తోటలకి ఎంత దూరమైంది?"

"చుట్టు తిరిగి మైలున్నరండీ. ఎండల్లో ఆగిరిపల్లి వైపు తోటలకి పోవాలంటే నాలుక పిడచకట్టుకుపోద్ది." ఆమె అల్లడం ఆపింది. "అన్నీ రాస్తారా అండీ?"

"జరిగిందంతా రాస్తాను."

"గోడకి చెయ్యెత్తినోళ్ళ పేర్లు కూడానా?"

ఆ యాభై ఎనిమిదిలో దశరథరామయ్య చెయ్యీ ఉంది. ఆ రోజు చెయ్యెత్తడానికి ఆయనకి కారణం కూడా అక్కర్లేకపోయింది. పక్కవాళ్ళు ఎత్తారు, ఎత్తాడు.

ఇంటికొచ్చి, తన పేరు మొదట పెట్టి, అంతా రాసి ఇచ్చాడు.

వార్షికోత్సవం నాడు సావనీరు చేతికొచ్చింది. వరదల్లో కాలనీవాసులు పేట ప్రజలకు పులిహోర పొట్లాలు పంచి మానవత్వం చాటుకున్నారని అందులో ఉంది. కింద దశరథరామయ్య ఎం.ఏ., బి.ఇడి. అని ఉంది. ఆయన లేచి మైకు దగ్గరికి నడిచాడు.

"ఇది నేను రాసింది కాదు. పులిహోర ఎవరూ పంచలేదు. మనం వాళ్ళ అన్నం తిన్నాం. తిని, వాళ్ళ దారికి గోడ కట్టాం. నేనూ చెయ్యెత్తాను."

బసవపున్నారావు నవ్వుతూ మైకు అందుకున్నాడు. "మాస్టారికి షుగర్ పెరిగినట్టుందండీ. టిఫిన్లు రెడీ."

అబద్ధమని ఒక్కరూ అనలేదు. నిజమనీ అనలేదు. ప్లేట్ల కోసం లేచారు. నదీవిహార్ కాలనీ కల్చరు అదే. తిట్టినా కోపం రాదు, జీడిపప్పు ఉప్మా చల్లారిపోతుందంటే మాత్రం కంగారు పడుతుంది.

గోడ ఒక చివర దశరథరామయ్య పెరటి ప్రహరీకి ఆనుకుంది. పెరడు దాటితే రేవు. ఆయన తాపీమేస్త్రీని పిలిపించి, పేట వైపు ప్రహరీలో ఒక సందు, రేవు వైపు ఒక సందు కొట్టమన్నాడు.

భార్య తులసమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసింది. "ఇహ మన గడప ఎవరూ తొక్కరండీ."

"తొక్కినవాళ్ళు ఏం ఉద్ధరించారు?"

ఆవిడ పెరట్లోకి దిగింది. "అయితే ఆ జామచెట్టు వైపు కొట్టించండి. ఇటైతే సన్నజాజి పాదు పోతుంది."

సాయంత్రం బసవపున్నారావు మరో నలుగురితో వచ్చాడు. ఎవరూ కూర్చోలేదు.

"స్థలం మీదే, కాదనం. కాలనీకి ఒక స్టేటస్ ఉంది కదండీ?"

"ఉంది. రెండు రోజులు చర్చిలో చూశాను" అన్నాడు దశరథరామయ్య.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ ఇంటికి పేరంటం పిలుపులు ఆగిపోయాయి. పేపరు అడిగి తీసుకెళ్ళే పక్కింటాయన సొంత పేపరు వేయించుకున్నాడు. తులసమ్మకి అది లాభంగానే కనిపించింది.

సందులు కొట్టిన మూడోరోజు తెల్లారుతుండగా పేట ఆడవాళ్ళు సందు దగ్గర ఆగారు. ముందు రిబ్కమ్మ ఉంది. దశరథరామయ్య చేదబావి దగ్గర నిలబడి, ఆమె ఏదో మంచిమాట అంటుందని ఎదురుచూశాడు. ఆమె నెత్తిన గంపతో పక్కకి తిరిగి, భుజం గోడకి రాసుకుంటూ లోపలికొచ్చింది.

"ఇంకాస్త వెడల్పు పెట్టాల్సిందండీ. గంపతో ఇరుగ్గా ఉంది" అని, ఆగకుండా రేవు వైపు వెళ్ళిపోయింది.

ఆయన మధ్యాహ్నం మేస్త్రీని మళ్ళీ పిలిపించాడు.