రోజాలు, కంటి చుక్కలు

రంజాన్ షురూ కాకముందు కొన్న చుక్కల మందు సీసా, పన్నెండు రోజాలు గడిచినా సీలు సుత తియ్యకుండ కనవడితే ఏ పెండ్లాం ఊకుంటది, మీరే చెప్పుండ్రి! నాకైతే అరికాలి మంట నెత్తికెక్కింది.

మా ఆయనకు గ్లాకోమా. కంట్ల ప్రెషర్ పెరిగి నరం ఎండిపోతది. కుడికన్ను పక్కచూపు ఇప్పటికే సగం పోయింది. పోయింది ఇగ రాదు, ఉన్నదన్న కాపాడుకోండ్రి అని క్యారల్ డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పొద్దున ఒక చుక్క, రాత్రి ఒక చుక్క. గంతే పని! రాంగోపాల్‌పేట్‌ల చేతిగడియారాలు రిపేర్ చేసే మనిషికి కండ్లు లేకుంటే ఇంకేమున్నది?

"ఏందయ్యా ఇది?" అని సీసా ముక్కు ముందర పెట్టిన.

"చుక్క ఏస్తే చేదు గొంతులకు దిగుతది జబీన్. రోజా ఇరిగిపోతది, ఉపాసం దండుగైతది."

"మరి రాత్రి?"

"తరావీహ్ నమాజుకు పోయొచ్చి పండుకుంటున్న. యాది మరిసిన."

యాది మరిసిండంట! మందు సీసా సంచిల ఏసుకొని, ఆయన చెయ్యి పట్టుకొని, బోయిగూడల మా మసీదు ఇమాం అజ్మత్ సాబ్ ఇంటికి గుంజుకపోయిన. గల్లీల అందరు సూస్తున్నరు. సూడనియ్, నాకేంది!

ఇమాం సాబ్ అంత విని నవ్విండు. "అరె వలీ, కంట్ల మందు ఏసుకుంటే రోజా ఇరగదు బేటా. నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె కదా! ఏసుకో, నా ముందరనే ఏసుకో."

సీలు నేనే ఇప్పిన. రెండు కండ్లల్ల చెరొక చుక్క. డాక్టరమ్మ నేర్పినట్టు ముక్కు పక్క మూలన ఏలు పెట్టి ఒత్తిపట్టిన. చేదు గొంతుల దిగలే. ఆయన కండ్లు మూసుకొని కూర్సున్నడు. నాకు మాత్రం కాలు నిలుస్తలే. పన్నెండు రోజులు! ఆ పన్నెండు రోజులల్ల ఎంత చూపు పోయిందో ఏమో! అటునుంచి అటే ఆటో ఎక్కి కంటి దవాఖానకు పోయినం.

కంట్ల ప్రెషర్ ఇరవై ఎనిమిది, ఇరవై ఒకటి దాటొద్దంట. డాక్టరమ్మ మొకం ఎర్రగైంది. "చేతులు కాలాక ఆకులు పట్టుకొని వస్తారా వలీ గారూ? పదండి, చూపు ఎంతవరకు ఉందో టెస్టు చేద్దాం."

చీకటి గదిల ఒక మిషన్‌ల గడ్డం ఆనిచ్చి కూర్సుండబెట్టిండ్రు. లోపల చిన్న చిన్న లైట్లు మెరుస్తయంట, కనవడ్డప్పుడల్ల చేతిల బటన్ ఒత్తాలె. నేను తలుపు బయట నిలబడి టక్, టక్ అని ఆ చప్పుడే లెక్కవెడుతున్న. నడుమ చప్పుడు ఆగితే చాలు, తలుపుకు చెవి ఆనిస్తున్న. యా అల్లా, ఒత్తమను, ఇంకొక్కసారి ఒత్తమను!

కాయితం బయటికొచ్చింది. డాక్టరమ్మ పాత టెస్టు కాయితం దాని పక్కన పెట్టి, చూపు లేనికాడ వడ్డ ఒక్కొక్క నల్లచుక్క మీద పెన్ను పెట్టి సూసింది. సూసింది, మళ్ల సూసింది.

"అదృష్టవంతులు. కొత్తగా ఏం పోలేదు. కానీ ఇంకొక్క పూట ఆపారంటే నేను చెప్పలేను."

పోలే! ఏం పోలే! పోయిన పానం లేచొచ్చింది. అక్కడ్నే డాక్టరమ్మ చేతులు పట్టుకొని ఊపేసిన. ఆమె సుత నవ్వేసింది.

బయట బెంచీ మీద కూర్సున్నంక సంతోషం పొంగుతనే ఉన్నది, కోపం సుత పోతలే. తిట్టకుంటే నాకు నిద్ర పడతదా!

"ఆకలికి ఓర్సుకుంటివి, దూపకు ఓర్సుకుంటివి. ఆఖరికి కండ్లు సుత పోగొట్టుకుందువు! గంత పట్టుబట్టి రోజాలుండి, ఆ అల్లాను ఏమడిగినవయ్యా?"

ఆయన తల దించుకున్నడు.

"నా కండ్లే అడిగిన," అన్నడు.